నైట్ అవుట్ గొప్పా కాదు, పొద్దున లేవలేకపోవడం బద్ధకమూ కాదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి. రాత్రి 11 దాటాక చూస్తున్నవాళ్లు మాత్రం ఇప్పుడు వదిలేసి పొద్దున చదవండి. పోస్టు ఎక్కడికీ పోదు.

మొన్న మన గ్రూపులో ఒక సీనియర్ అన్న రాసింది అందరూ చూసే ఉంటారు. కాలేజీ హాస్టళ్లలో మన పిల్లలు తెల్లారేదాకా ఫోన్లు చూసి పొద్దున 10 దాకా పడుకుంటున్నారని, అమ్మానాన్నలు కొండ మీద ఎండలో పనిచేస్తుంటే వీళ్లకు పట్టట్లేదని, హాజరు పోయి స్కాలర్‌షిప్ ఆగితే ఎవరిని అడుగుతారని ఆయన రాశారు. కింద కామెంట్లలో సగం మంది, కరెక్ట్ అన్నా, రాత్రి 10కి ఫోన్లన్నీ వార్డెన్ దగ్గర పెట్టించాలి అన్నారు. మిగతా సగం, మేం రాత్రంతా కూర్చుని చదువుతున్నాం, మాకు నీతులు చెప్పకండి అన్నారు. నాకు రెండు మాటలూ నచ్చలేదు. అన్న బాధ నిజమే, దాన్ని కాదనను. 75 శాతం హాజరు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది, అది ఆగితే మనలాంటి ఇళ్లలో డిగ్రీయే ఆగిపోతుంది. కానీ దీన్ని బద్ధకం అని తిట్టడం వల్లా, రాత్రంతా మేలుకోవడం కష్టపడటమే అని మెచ్చుకోవడం వల్లా సమస్య అలాగే ఉండిపోతుంది. ఇక్కడ అసలు సంగతి వేరే ఉంది.

మనలో చాలామంది ఆశ్రమ పాఠశాలల నుంచో గురుకులాల నుంచో వచ్చినవాళ్లం. ఐదో ఏటో ఆరో ఏటో ఇల్లు వదిలి వెళ్తాం. అక్కడ గంట కొడితే లేస్తాం, గంట కొడితే స్నానానికి, గంట కొడితే ప్రార్థనకు, గంట కొడితే కంచం పట్టుకుని లైన్లోకి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆరిపోతాయి. ఇష్టం ఉన్నా లేకున్నా పడుకోవాల్సిందే. పదేళ్లు, పన్నెండేళ్లు అలా గడిచాయి. అంతకుముందు ఇంటి దగ్గర గంట లేదు గాని కోడి ఉంది, పొద్దు ఉంది, నీళ్లకు వెళ్లే అమ్మ చప్పుడు ఉంది. అంటే మన నిద్రను ఎప్పుడూ బయటిదేదో నడిపింది. మన చేత్తో మనం నడుపుకోవడం ఎవరూ నేర్పలేదు, నేర్పే అవసరమూ రాలేదు.

ఇంటర్ అయిపోయి కాలేజీ హాస్టల్లో చేరిన రోజునే ఆ గంట పోతుంది. అదే వారంలో చేతికి సొంత ఫోన్ వస్తుంది. ఎవరూ లేపరు, ఎవరూ పడుకోమనరు. పదేళ్లు తాడు కట్టి తిప్పిన దూడను ఒక్కసారిగా వదిలితే అది చక్కగా దారిలో నడవదు కదా. దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. క్రమశిక్షణ అనే పేరుతో మనకు ఇన్నాళ్లూ ఉన్నది గంటకు లోబడటం మాత్రమే.

ఇక గది సంగతి. ఒక్కో గదిలో ఎనిమిది మందో పది మందో. ట్యూబ్‌లైట్లు రెండు, స్విచ్ ఒకటే చోట. ఒకడికి రేపు ఇంటర్నల్స్, వాడికి లైట్ కావాలి. ఒకడు పొద్దున 5కి గ్రౌండ్‌కు పరిగెత్తాలి, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్, వాడికి చీకటి కావాలి. ఒకడు రీల్స్ చూస్తూ నవ్వుతుంటాడు, ఇయర్‌ఫోన్స్ ఒక చెవిలోనే పెట్టుకుంటాడు, రెండోది పాడైపోయిందట. ఒకడు ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పని ముగించుకుని 2 గంటలకు గోడ దూకి వస్తాడు. ఇలాంటి గదిలో ఎవరి నిద్రా వాళ్ల చేతిలో ఉండదు. పది మంది నిద్ర ఆ ఒక్క స్విచ్ చేతిలో ఉంటుంది. ఈ మాట తిట్టేవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

శరీరం లోపల కూడా ఒక గడియారం ఉంటుంది. ఇది పోలిక కోసం చెప్పే మాట కాదు. మెదడులో, కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి కొంచెం పైన ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. అది రోజుకు సుమారు 24 గంటల లెక్కన నడుస్తుంది. నిద్ర, ఒంటి వేడి, ఆకలి, హార్మోన్లు అన్నీ దాని లెక్క ప్రకారమే పోతాయి. కణాల లోపల ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది వెలుతురు. పొద్దుటి వెలుతురు కళ్ల మీద పడితే గడియారం ముందుకు జరుగుతుంది, అంటే రాత్రి తొందరగా నిద్ర వస్తుంది. అర్ధరాత్రి వెలుతురు పడితే వెనక్కి జరుగుతుంది, అంటే మర్నాడు ఇంకా ఆలస్యంగా నిద్ర వస్తుంది. 10 దాకా దుప్పటి ముసుగులో, రాత్రి 2 దాకా ట్యూబ్‌లైట్ కింద గడిపితే గడియారం రెండు వైపుల నుంచీ వెనక్కి పోతుంది.

ఇంకో సంగతి, అన్నలు కొంచెం దృష్టిలో పెట్టుకోవాలి. కుర్రవయసులో ఈ గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పన్నెండు పదమూడేళ్ల నుంచి నిద్ర వచ్చే వేళ మెల్లగా వెనక్కి జరుగుతూ పోయి, సుమారు 20 ఏళ్ల దగ్గర బాగా ఆలస్యానికి చేరి, ఆ తర్వాత మళ్లీ ముందుకు వస్తుందని జర్మనీకి చెందిన టిల్ రోనెబెర్గ్ బృందం 2004లో చూపించింది. మనం సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాం. 45 ఏళ్ల మనిషి 5 గంటలకు లేచినంత తేలిగ్గా 20 ఏళ్ల కుర్రాడు లేవలేకపోవడంలో కొంత ఒంటి లక్షణం ఉంది. అలాగని 10 దాకా పడుకోవడానికి ఇది లైసెన్స్ కాదు. గంటో, గంటన్నరో తేడా ఒంటిది. మిగతా నాలుగు గంటలు ఫోనుది, స్విచ్‌ది.

ఇప్పుడు రెండో పక్షం వాళ్లతో. 'నాకు 5 గంటలు చాలు బ్రో, నాకేం కాదు' అనేవాళ్లు ప్రతి గదిలో ఒకరుంటారు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను తీసుకుని 14 రోజుల పాటు కొందరికి రాత్రికి 4 గంటలు, కొందరికి 6, కొందరికి 8 గంటలు నిద్రకు ఇచ్చి రోజూ పరీక్షించారు. 2003లో అచ్చయింది. 6 గంటల వాళ్ల చురుకుదనం రోజురోజుకూ తగ్గుతూ పోయి, రెండు వారాల చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోని మనిషి స్థితికి వచ్చింది. నన్ను ఆపింది ఆ అంకె కాదు. నీకెలా ఉంది అని వాళ్లను అడిగితే, ఏదో కొంచెం మత్తుగా ఉంది తప్ప బాగానే ఉన్నాం అన్నట్టు చెప్పారు. అంటే తగ్గిన సంగతి వాళ్లకే తెలియలేదు. కాబట్టి 'నాకేం కాదు' అనే మాటకు సాక్ష్యం విలువ లేదు. కల్లు తాగినవాడు నేను తాగలేదు అన్నట్టే ఉంటుంది.

ఎన్ని గంటలు అనేది ఒక్కటే కాదు, ఏ వేళకు అనేది కూడా లెక్కే. ఇది మన హాస్టళ్లకు బాగా వర్తిస్తుంది. హార్వర్డ్ కాలేజీలో 61 మంది విద్యార్థుల నిద్రను 30 రోజులు రాసుకుని చూశారు, 2017లో బయటికి వచ్చింది. రోజూ ఒకే వేళకు పడుకుని లేచేవాళ్లను, ఒక రోజు 11కి ఒక రోజు 3కి పడుకునేవాళ్లను పోల్చారు. మొత్తం గంటల్లో పెద్ద తేడా లేదు. మార్కుల్లో ఉంది. వేళలు తప్పేవాళ్లకు మార్కులు తక్కువ, వాళ్ల లోపలి గడియారం కూడా సుమారు రెండున్నర గంటలు వెనక్కి ఉంది. అంత డబ్బున్న కాలేజీలో, ఒక్కో గదికి ఒకరో ఇద్దరో ఉండే చోటే అలా ఉంటే మన సంగతి ఊహించుకోవచ్చు. దీన్ని బట్టి వేళ తప్పడం వల్లే మార్కులు తగ్గాయని తేల్చి చెప్పలేం, రెండూ కలిసి కనిపించాయి అంతే. కానీ 'మధ్యాహ్నం పడుకుని లెక్క సరిచేసేస్తా' అనే ధీమా మాత్రం నిలవదు.

సోమవారం ఫస్ట్ పీరియడ్‌లో మన బెంచీలు ఎందుకు ఖాళీగా ఉంటాయో గమనించారా? శని, ఆదివారాలు రాత్రి 3 దాకా మేలుకుని మధ్యాహ్నం 12కి లేస్తే, సోమవారం పొద్దున 6 మన ఒంటికి రాత్రి 2 లాగా ఉంటుంది. ఊరు కదలకుండానే వేరే దేశం వెళ్లి వచ్చినట్టు. ఇందాక చెప్పిన రోనెబెర్గ్ దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టాడు. మనలో ఆదివారం ఊరి నుంచి వచ్చేవాళ్ల కష్టం వేరు. పాడేరు నుంచో చింతపల్లి నుంచో ఆఖరి బస్సు పట్టుకుని, ఘాట్ దిగి, విశాఖలో దిగేసరికి రాత్రి అవుతుంది. ఆ పైన రూముకు చేరి తినేసరికి అర్ధరాత్రి. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. వీలైతే మధ్యాహ్నం బస్సుకే బయలుదేరమని మాత్రం చెప్తాను. అమ్మ 'ఇంకాసేపు ఉండరా' అంటుంది, తెలుసు.

మన తాతలు తెల్లవార్లూ మేలుకునేవాళ్లు, వాళ్లకేమైంది అనే వాదన కూడా ఆ కామెంట్లలో ఉంది. పంట కాపలాకు మంచె మీద రాత్రంతా పందుల్ని తోలడం, ఇటుకల పండగప్పుడు పొద్దు పొడిచేదాకా ధింసా. నిజమే. కానీ ధింసా రాత్రులు ఏడాదికి కొన్ని. పండగ అయ్యాక ఊరు మొత్తం పడుకుంటుంది, మర్నాడు పొద్దున 9కి ఎవరికీ ల్యాబ్ ఉండదు. మంచె కాపలా వంతుల మీద నడుస్తుంది, ఇవాళ నువ్వు రేపు నేను. పైగా ఆ చీకట్లో నెగడు వెలుతురు తప్ప ఏమీ లేదు. మన హాస్టల్ రాత్రుల్లో వంతు లేదు, చీకటీ లేదు, ముగింపూ లేదు.

ఈ విషయంలో నాకు ఆసక్తి కలిగించినవి రెండున్నాయి, మనలాంటి జనం గురించే. టాంజానియాలో హడ్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో సిమానే అనే మూడు ఆదివాసీ జాతుల నిద్రను చేతికి గడియారాల్లాంటి పరికరాలు కట్టి కొలిచారు, 2015లో వచ్చింది. కరెంటు లేని జీవితం. వాళ్లు పొద్దు పోగానే పడుకోరు, మూడు గంటలకు పైగా కబుర్లు చెప్పుకుంటూ మేలుకునే ఉంటారు. పడక మీద ఉండేది 7 నుంచి 8.5 గంటలు, అందులో అసలు నిద్ర 6, 7 గంటలే. మరీ ఎక్కువేం కాదు. కానీ లేచే వేళ మాత్రం రోజూ దాదాపు ఒకటే, చాలావరకు పొద్దు పొడవక ముందే. నిద్ర పట్టడం లేదు అనే ఫిర్యాదు చాలా అరుదు. రెండోది అర్జెంటీనాలో తోబా అనే జాతి గురించి, అదీ 2015లోనే. ఒకే జాతి, ఒకే ప్రాంతం, ఒక చోటికి కరెంటు వచ్చింది, ఒక చోటికి రాలేదు. కరెంటు ఉన్నవాళ్లు రోజుకు ముప్పావు గంట నుంచి గంట దాకా తక్కువ నిద్రపోతున్నారు, పడుకునే వేళ ఆలస్యం కావడం వల్ల. మన ఊళ్లలో కూడా లైట్లు వచ్చాయి, తర్వాత టవర్లు వచ్చాయి. రావద్దు అని నేను అనను, ఆ టవర్ కోసమే ఎన్ని అర్జీలు పెట్టామో మనకు తెలుసు. కానీ వెలుతురుతో పాటు వచ్చే ఈ ఖర్చు గురించి మనతో ఎవరూ మాట్లాడలేదు.

ఆరోగ్యం దగ్గరికి వద్దాం. పెద్ద జబ్బుల కంటే ముందు చెప్పాల్సింది టిఫిన్. హాస్టల్లో టిఫిన్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య అయిపోతుంది. 9కి లేచినవాడికి గిన్నె అడుగు కూడా కనపడదు. అలా వారంలో నాలుగు రోజులు టిఫిన్ పోతే, మధ్యలో ఒక టీ, ఒక బిస్కెట్ ప్యాకెట్. రాత్రి 1 గంటకు ఆకలేసి నూడుల్స్ కొనుక్కోవడం. ప్రభుత్వం మన పేరు మీద ఇచ్చే తిండిని వదిలేసి, జేబులో ఉన్న కాస్త డబ్బు పెట్టి పనికిరాని తిండి కొంటున్నాం. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో ప్రతి మెడికల్ క్యాంపులో చూస్తూనే ఉన్నాం. పొద్దుటి గుడ్డు, పాలు పోవడం వాళ్లకు చిన్న నష్టం కాదు. నిద్ర గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ టిఫిన్ సంగతి రాయరు, వాళ్లు హాస్టల్లో ఉండరు కదా.

లోపల జరిగేది ఇంకోటి ఉంది. 1999లో చికాగో యూనివర్సిటీ వాళ్లు 11 మంది కుర్రాళ్లను ఆరు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూశారు. ఆ వారంలోనే తిన్న చక్కెరను ఒళ్లు వాడుకునే శక్తి బాగా తగ్గింది. మళ్లీ కడుపునిండా నిద్రపోయాక కోలుకున్నారు. 20 ఏళ్ల వాళ్లం, మనం కూడా కోలుకుంటాం. ఆ కోలుకునే వారం మనకు ఎప్పుడు దొరుకుతుంది అన్నదే ప్రశ్న.

సికిల్ సెల్ ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి. మన ఏజెన్సీలో అది ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. 2023 జూలైలో దేశమంతా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, మనలో చాలామందికి పరీక్షలు చేసి కార్డులు ఇచ్చారు. కార్డులో జబ్బు అని ఉన్నవాళ్లకు బాగా అలిసిపోవడం, నీళ్లు తక్కువ తాగడం, చలి తగలడం ఇవే నొప్పిని రేపుతాయి. రాత్రంతా మేలుకుని, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేసి చదివితే పరీక్ష రోజు ఆస్పత్రిలో ఉండాల్సి రావచ్చు. అలాంటి తమ్ముడో చెల్లో మీ గదిలో ఉంటే, వాళ్ల కోసమైనా లైట్ ఆపండి. బాటిల్ నింపి పక్కన పెట్టండి.

నైట్ అవుట్ గురించి ఇంక నేను మెత్తగా మాట్లాడను. పరీక్ష ముందు రాత్రి 4 దాకా చదివాను అని స్టేటస్ పెట్టుకోవడం, కింద నిప్పు గుర్తులు పెట్టడం ఆపేద్దాం. పగలు చదివినదాన్ని మెదడు సర్ది పెట్టుకునేది నిద్రలోనే. ఆ సర్దే వేళ తీసేస్తే చదివింది నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. హాల్లో కూర్చుని 'ఇది చదివానే' అనుకునే బాధ అదే. టీ, కాఫీ నిద్రను వాయిదా వేస్తాయి గాని తీర్చవు. కాఫీలో ఉన్న కెఫీన్ సగం కరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9కి తాగితే 2 గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అరకు కాఫీ ప్రపంచమంతా తాగుతుంది, మనం కూడా తాగుదాం, సాయంత్రం 4 లోపు.

పరీక్షలు అయిపోయిన రోజే బండి తీసి ఊరికి వెళ్లే తమ్ముళ్లకు ఈ ఒక్క మాట. 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చూశారు. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చేతి పట్టు, చూపు, చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానం. 24 గంటలైతే 0.10 శాతం. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతం వరకే. అంటే రాత్రంతా చదివి, పరీక్ష రాసి, మధ్యాహ్నం ఘాట్ ఎక్కే కుర్రాడు చట్టం లెక్కలో తాగినవాడికి మూడింతలు దాటి ఉన్నట్టు. పోలీసులు నోట్లో ఊదించే మిషన్ వాడిని పట్టుకోదు. మలుపు పట్టుకుంటుంది. ఆ రోజు బస్సెక్కండి, లేదా ఒక రాత్రి పడుకుని వెళ్లండి.

ఇక నిద్ర తమ చేతిలో లేనివాళ్లు. క్యాటరింగ్‌కి వెళ్లేవాళ్లు సరదాకి వెళ్లట్లేదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే పరీక్ష ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? మన పెళ్లి ముహూర్తాలు అర్ధరాత్రి, తెల్లవారుజామునే ఎక్కువ, ఆ సీజన్ సెమిస్టర్ పరీక్షలతో పాటే వస్తుంది. వాళ్లను పట్టుకుని '8 గంటలు పడుకో' అంటే నవ్వుతారు. నేను అడిగేది ఇంతే. వారంలో రెండు రాత్రులకు మించి ఒప్పుకోకండి, అవి వరసగా ఉండేట్టు చూసుకోండి, ప్రాక్టికల్స్ ముందు రోజు వద్దనండి. వచ్చాక గదిలో వాళ్లు మీకు చీకటి ఇవ్వాలి, అది వాళ్ల బాధ్యత. నర్సింగ్ చదివే మన చెల్లెళ్లకు నైట్ డ్యూటీ తప్పదు. వాళ్లకు పగటి నిద్రలో కిటికీకి దుప్పటి కట్టనివ్వకుండా గొడవ చేసే రూమ్మేట్స్ ఉన్నారని విన్నాను. అది చాలా తప్పు.

కొండ మీద నుంచి వచ్చినవాళ్లకు వేడి కూడా ఒక సమస్య. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. లంబసింగి చలిలో పెరిగినవాడు ఏప్రిల్‌లో విశాఖ ఉక్కలో, పది మంది ఉన్న గదిలో, రెండు ఫ్యాన్ల కింద పడుకుంటే అది దిగదు. పడుకునే ముందు గంటో గంటన్నరో ఉండగా స్నానం చేయడం, తడి తుండుతో కాళ్లు చేతులు తుడుచుకోవడం కొంత పనిచేస్తాయి. మిగతాది కిటికీలకు జాలి పెట్టించడం. దోమల భయంతో కిటికీలు మూసుకుని ఉడికిపోతున్నాం. ఇది మన బద్ధకం ఖాతాలో రాసుకునేది కాదు, అర్జీలో రాయాల్సింది.

అందుకే ఫోన్లు వార్డెన్‌కి అప్పగించడం అనే ఆలోచనను నేను ఒప్పుకోను. అది మళ్లీ గంట కొట్టించుకోవడమే. రేపు ఉద్యోగంలో చేరితే ఏ వార్డెన్ వస్తాడు? పైగా మన అమ్మలు పని ముగించి సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోన్ చేసేది రాత్రి వేళే. దాని బదులు అడగాల్సింది ఒకటుంది, రాత్రి తెరిచి ఉండే చదువుకునే గది. డైనింగ్ హాలైనా చాలు, లైట్లు, నాలుగు బల్లలు. చదివేవాళ్లు అక్కడికి పోతే గదిలో 10:30కి లైట్ ఆపొచ్చు. పది మంది నిద్రకూ ఒకడి చదువుకూ గొడవ ఉండదు. మా పక్క బ్లాక్‌లో పిల్లలు అడిగి సాధించుకున్నారు, ఖర్చు ఏమీ కాలేదు, తాళం చెవి ఒకటి ఇచ్చారు అంతే. మీ హాస్టళ్లలో సంతకాలు పెట్టి అడగండి. అర్జీ నమూనా కావాలంటే కామెంట్లో చెప్పండి, రాసిస్తాను.

గదిలో మనం చేసుకోగలిగేది, లేచే వేళ ఒకటి ఖాయం చేసుకోవడం. పడుకునే వేళను పట్టుకోవడం కష్టం, లేచే వేళను పట్టుకోవచ్చు. ఆరున్నర అనుకుంటే ఆదివారం కూడా ఏడున్నర దాటొద్దు. లేవగానే మేడ మీదికో గ్రౌండ్‌కో వెళ్లి ఓ పావుగంట వెలుతుర్లో నిలబడండి, బ్రష్ అక్కడే చేసుకోండి. మొదటి వారం నరకంగా ఉంటుంది, మధ్యాహ్నం 3 లోపు ఓ 20 నిమిషాలు కునుకు తీయండి, గంట మాత్రం వద్దు. రెండో వారానికి రాత్రి 11కి కళ్లు వాటంతట అవే మూతపడతాయి. మన వయసుకు 7 నుంచి 9 గంటలు కావాలని డాక్టర్లు చెప్తారు, అందులో కనీసం 7 దొరికేట్టు చూసుకోండి.

వేళ సరిచేసుకున్నా, చీకటి ఉన్నా నిద్ర రాకుండా, ఏదీ తినాలనిపించకుండా, ఎవరితో మాట్లాడాలనిపించకుండా రెండు వారాలు దాటితే అది ఫోన్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. మనసు బాగోలేక కావచ్చు. ఇంటి దగ్గర చెప్తే కంగారు పడతారని దాచుకుంటాం. 14416 అని టెలి మానస్ నంబర్ ఉంది, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. చేయండి. మీ గదిలో అలా ముడుచుకుపోయినవాడు ఉంటే వాడిని పొద్దున నిద్రమొహం అని ఎగతాళి చేయకండి, పక్కన కూర్చుని అడగండి.

చివరగా అడ్మిన్ అన్నలకు. మన గ్రూపులో కరెంట్ అఫైర్స్ క్విజ్ రోజూ రాత్రి 11:30కి పెడుతున్నారు, ముందు జవాబు చెప్పినవాళ్ల పేర్లు 12కి వస్తున్నాయి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లంతా దానికోసమే మేలుకుంటున్నారు. పెట్టేవాళ్లు కూడా పగలంతా పని చేసి వచ్చి పెడుతున్నారు, ఆ శ్రమ తెలుసు. దాన్ని సాయంత్రం 7:30కి, మెస్‌లో భోజనానికి ముందుకు మార్చమని అడుగుతున్నాను. అప్పటికి పని నుంచి రాని అన్నల కోసం జవాబులకు మర్నాడు 7:30 దాకా టైం ఇవ్వొచ్చు, ముందు చెప్పినవాళ్లు కాకుండా సరిగ్గా చెప్పినవాళ్ల పేర్లు పెట్టొచ్చు. ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఇద్దరూ కింద రాయండి. మొన్న పోస్టు పెట్టిన అన్న కూడా రాయాలని నా కోరిక. ఇవాళ్టి క్విజ్‌కి నా జవాబులు రేపు టిఫిన్ తర్వాత పెడతాను.